ఫంగస్ మందు ఇట్రాకొనజోల్ ఆరు నెలలకే ఆపేయొచ్చా?

ఉదయరాగం:
నాన్నకు పన్నెండేళ్ల కిందట టీబీ వచ్చి తగ్గింది. ఊపిరితిత్తిలో ఒక క్యావిటీ (గుల్ల) మాత్రం మిగిలిపోయింది. నిరుడు దగ్గు, బరువు తగ్గడం, కళ్లెలో రక్తం. మళ్లీ టీబీయే అనుకున్నాం. కళ్లె పరీక్షలో అదేం లేదు. సీటీ స్కాన్‌లో క్యావిటీలో ఫంగస్ ఉండ కనిపించింది, ఆస్పర్‌జిల్లస్ అనే ఆ ఫంగస్‌కు రక్తంలో యాంటీబాడీలు చూసే ఐజీజీ పరీక్ష కూడా పాజిటివ్. ఇట్రాకొనజోల్ మొదలుపెట్టి ఆరు నెలలైంది. దగ్గు లేదు, నాలుగు కిలోలు పెరిగారు. కానీ పాదాలు వాస్తున్నాయి. ఇక ఆపేస్తానంటున్నారు. డాక్టరేమో ఇంకో ఆరు నెలలు వాడమంటున్నారు. నాకు నాన్న మాటే సబబనిపిస్తోంది. బాగున్న మనిషికి మందెందుకు?

చుక్కాని:
దగ్గు పోయిందంటే ఫంగస్ పోయినట్టు కాదండీ. క్యావిటీ లోపలికి రక్తప్రసరణ ఉండదు, మందు సరిగా చేరదు. బూజు అణగి ఉంటుంది, అంతే. చండీగఢ్‌లోని పీజీఐ ఆసుపత్రిలో సరిగ్గా ఈ ప్రశ్న మీదే ట్రయల్ చేశారు, 2022లో ఫలితాలు వచ్చాయి. ఆరు నెలలు వాడినవాళ్లలో 38 శాతం మందికి రెండేళ్లలోపు తిరగబెట్టింది. ఏడాది వాడినవాళ్లలో 10 శాతం మందికే.

రాతిబండ:
ఆ లెక్కనే తిరగేసి చూడండి. ఆరు నెలలకే ఆపినా 62 శాతం మందికి తిరగబెట్టలేదు కదా! వాళ్లందరిచేతా ఇంకో ఆరు నెలలు మాత్రలు మింగించడం దేనికి? ఆపేసి, నెలనెలా బరువు చూసుకుంటూ, మూడు నెలలకోసారి ఎక్స్‌రే ఫిల్మ్ తీయిస్తే సరిపోదా?

చుక్కాని:
ఆ 62లో ఉదయరాగం గారి నాన్న ఉంటారని ముందే ఎవరు చెప్పగలరు? తిరగబెట్టడమంటే ఒక్కోసారి గుక్కెడు రక్తం కక్కుకోవడం. అప్పుడు ఫిల్మ్ తీయించుకునే తీరిక ఉండదు.

వానకోయిల:
మీ ఇద్దరి వాదన సరే, పాదాల వాపు సంగతి ఎవరూ ఎత్తలేదేం? ఇట్రాకొనజోల్ కొందరిలో గుండె పంపింగ్‌ను తగ్గిస్తుంది. ఆరా, పన్నెండా అని తేల్చేముందు ఎకో (గుండె స్కాన్) తీయించండి, వెంటనే డాక్టర్‌కు చెప్పండి. గుండె తట్టుకోలేకపోతే వేరే మందుకు మార్చాల్సి రావచ్చు. ఇంకొకటి, ఆ క్యాప్సూల్ భోజనం తర్వాత వేసుకోవాలి, కడుపులో ఆమ్లం ఉంటేనే ఒంటికి పడుతుంది. ఆ ఆమ్లాన్ని తగ్గించే గ్యాస్ మాత్రలు వాడుతున్నారా? రక్తంలో మందు మోతాదు ఎప్పుడైనా చూశారా? మా అత్తగారికైతే టీబీ అనుమానంతో రిఫాంపిసిన్ అనే టీబీ మందు కూడా కలిపి ఇచ్చారు. దాంతో ఇట్రాకొనజోల్ వేసుకున్నా వేసుకోనట్టే అయింది.

రాతిబండ:
వాపు మాట నిజమే, నేను గమనించలేదు. అయినా పన్నెండు నెలలు అందరికీ ఒకే కొలత అంటే మాత్రం ఒప్పుకోను. ఉన్నది ఒకే క్యావిటీ, మిగతా ఊపిరితిత్తి బాగుంటే సర్జరీ గురించి కూడా అడగాలి.

ఉదయరాగం:
ఎకో రేపు. సర్జన్‌ను ఇదివరకే అడిగాం, నాన్న ఊపిరి సామర్థ్యానికి కుదరదన్నారు. గ్యాస్ మాత్ర రోజూ పొద్దున్నే వేసుకుంటున్నారట, ఇప్పుడే అడిగితే చెప్పారు. మందు మోతాదు పరీక్ష ఒక్కసారీ చేయించలేదు. ఆపే సంగతి ఆ రెండు రిపోర్టులూ వచ్చాకే.