చిగుళ్ల జబ్బు: తప్పు బ్రష్‌దా, జన్యువులదా?

చిగురాకు:
రోజూ రెండుసార్లు బ్రష్ చేస్తాను, ఆరు నెలలకోసారి క్లీనింగ్. అయినా ఒకచోట చిగురు పంటిని 6 మిల్లీమీటర్ల లోతుకి వదిలేసింది. అమ్మకీ ఇంతే. పెద్దల్లో పీరియోడాంటైటిస్‌కి (పంటి చుట్టూ ఎముక కరిగే చిగుళ్ల జబ్బు) సగం వంశమే కారణమని 2000లో 117 కవల జంటల మీద చేసిన అధ్యయనం చెప్పింది. మరి డాక్టర్లు ఇంకా బ్రష్‌నే ఎందుకు తిడతారు?

గట్టిపన్ను:
అదే నిజం కాబట్టి. 1965లో హరాల్డ్ లో (Löe) అనే దంత పరిశోధకుడి బృందం ఆరోగ్యవంతుల చేత బ్రష్ మాన్పిస్తే మూడు వారాల్లో అందరికీ చిగుళ్లు వాచాయి. మళ్లీ తోమగానే తగ్గాయి. పాచి లేనిదే జబ్బు లేదు.

చిగురాకు:
అది వాపు. నేనంటున్నది ఎముక కరగడం. ఆ లో గారే శ్రీలంక తేయాకు తోటల్లో, పళ్లు తోమే అలవాటే లేని 480 మంది కార్మికుల్ని 1970 నుంచి 15 ఏళ్లు గమనించారు. 8 శాతానికి వేగంగా ముదిరింది, 81 శాతానికి ఓ మోస్తరుగా, 11 శాతానికి వాపు దాటలేదు. పాచి అందరికీ ఉంది కదా?

గట్టిపన్ను:
ఆ 11 శాతాన్నే పట్టుకు వేలాడుతున్నారు. మిగతా 89 శాతానికి వచ్చిందిగా!

నాలుగోబెంచి:
'సగం' అంటే ఒక మనిషి జబ్బులో సగం కాదండీ. జనంలో ఒకరికీ ఇంకొకరికీ కనిపించే తేడాలో సగం. ఇంటర్‌ల్యూకిన్-1 (వాపు, మంట పుట్టించే పదార్థం) జన్యువులో కొన్ని మార్పులుంటే అదే పాచికి ఒంట్లో మంట ఎక్కువ పుడుతుంది, ఎముకను కరిగించేది ఆ మంటే. 1997లో పొగతాగనివాళ్లలో ఈ సంబంధం కనిపించింది, తర్వాత అన్నిచోట్లా కనిపించలేదు.

గట్టిపన్ను:
అంటే జీన్ టెస్ట్ వేస్టే!

చిగురాకు:
టెస్ట్ ఎవరడిగారు? అమ్మకి 43 ఏళ్లకే ముందు పళ్లు ఊడాయి. కుర్చీలో నోటినిండా దూది పెట్టి, "అసలు పళ్లు తోముకుంటావా అమ్మా?" అన్నాడు డాక్టర్. జవాబు చెప్పలేక కళ్లతో నావైపు చూసింది. మళ్లీ ఏ డాక్టర్ గడపా తొక్కలేదు. అది ఆవిడ తప్పు కాదని ఒక్కరైనా అనాలి, నాకు కావాల్సింది అంతే.

గట్టిపన్ను:
మా తమ్ముడు "మన వంశంలోనే ఉంది, చేసేదేముంది అన్నయ్యా" అంటూ సిగరెట్ మానలేదు, ఎంత బతిమాలినా క్లీనింగ్‌కి రాలేదు. అద్దం ముందు నాలుకతో పన్ను ముందుకీ వెనక్కీ కదిపి చూసుకునేవాడు. 38కే కట్టుడు పళ్లు. జన్యువులన్న మాట వింటే నాకు ఒళ్లు మండేది అందుకు.

నాలుగోబెంచి:
ఈ జబ్బుకి 2018లో చేసిన వర్గీకరణలో రోజుకి 10 సిగరెట్లు కాల్చేవారినీ, షుగర్ ఉండి హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్) 7 శాతం దాకా చేరినవారినీ వేగంగా ముదిరే గ్రేడ్‌లో వేస్తారు. చిగురాకు గారూ, అమ్మగారికి అప్పట్లో షుగర్ ఉందా?

చిగురాకు:
రెండేళ్ల తర్వాత బయటపడింది. అప్పుడు ఎవరూ అడగలేదు.

గట్టిపన్ను:
మీరు ఈ వారమే షుగర్ టెస్ట్ చేయించుకోండి. అమ్మగారితో ఆయన అలా అనాల్సింది కాదు. పాచి లేకుండా ఎముక కరగదన్న మాట మాత్రం నేను వదలను.