ఓక్ పీపా ముఖం చూడని వైన్‌కు ఇంత వగరు ఎక్కడిది?

కట్టమంచివాసి (చిత్తూరు):
మా బావమరిది ఫ్రాన్స్ నుంచి వస్తూ కోట్ దు రోన్ (అక్కడి రోన్ నది లోయది) ఎర్ర వైన్ తెచ్చాడు. గ్రెనాష్, సిరా ద్రాక్షల మిశ్రమం, ఆల్కహాలు 14.5 శాతం. ఓక్ చెక్క పీపాలో పెట్టలేదట, కాంక్రీటు తొట్టిలోనే ఉంచారట. రాత్రి స్టీలు గ్లాసుల్లో పోసుకున్నాం (గాజు గ్లాసులు అతిథులకు, బావమరిది ఆ లెక్కలోకి రాడు). మూత తీయగానే మిరియాల వాసన. తాగితే బాగా మాగిన నల్లద్రాక్ష రుచి, రెండో గుక్కకు నేరేడుపండ్లు తిన్నట్టు చిగుళ్లు పట్టేశాయి. సంగటి, నాటుకోడి పులుసు నంజుకుంటే గొంతు భగ్గుమంది. ఇందులో మిరియాలు కలుపుతారా? పీపా లేనప్పుడు ఈ వగరు ఎక్కడిది? సగం సీసా మిగిలింది, ఏం చేయమంటారు?

అలిపిరి దారి (తిరుపతి):
మిరియాలు ఎవరూ కలపరండి. సిరా ద్రాక్ష తొక్కలో రోటండోన్ అనే పదార్థం ఉంటుంది, మిరియాల వాసనకు కారణం కూడా అదే. ఆస్ట్రేలియా పరిశోధకులు 2008లో ఈ సంగతి తేల్చారు.

వగరుకు పీపాతో పెద్దగా పని లేదు. ఎర్ర వైన్‌ను తొక్కలతో, గింజలతో సహా పులియబెడతారు, వగరు పుట్టించే టానిన్ ముఖ్యంగా వాటి నుంచే దిగుతుంది. కొత్త ఓక్ ఇచ్చేది వెనిలా, కాల్చిన చెక్క వాసనలు. పీపా చెక్కలోంచి కొద్దికొద్దిగా గాలి కూడా చొరబడుతుంది. గ్రెనాష్‌కు గాలి తగిలితే రంగూ వాసనా త్వరగా దిగిపోతాయి. అందుకే దక్షిణ రోన్‌లో చాలామంది కాంక్రీటు తొట్టినే నమ్ముకుంటారు. అక్కడి ఎండకు ద్రాక్షలో చక్కెర పెరుగుతుంది, ఆ చక్కెరే ఆల్కహాలవుతుంది. అంత ఆల్కహాలు మీద మన పులుసు కారం పడితే గొంతు మండక ఏం చేస్తుంది! కారం తగ్గించి మటన్ వేయించుకోండి. వగరు కూడా మెత్తబడుతుంది.

స్టీలు గ్లాసు మాత్రం వద్దండి. రంగు కనబడదు, వాసన నిలవదు.

నీవా ఒడ్డు:
ఎర్ర వైన్‌ను గది వేడిలోనే తాగాలంటారు గానీ, ఆ మాట చలిదేశపు ఇళ్లలో పుట్టింది. మన చిత్తూరు వేసవిలో అలా తాగితే ఆల్కహాలు ఘాటు తప్ప ఇంకేమీ తెలియదు. కాసేపు ఫ్రిజ్‌లో పెట్టి చల్లబరచండి. 16, 17 డిగ్రీలు చాలు. మిగిలిన సగానికి బిరడా గట్టిగా బిగించి ఫ్రిజ్‌లోనే ఉంచి, రెండు మూడు రోజుల్లో ముగించండి.

కట్టమంచివాసి:
గాజు గ్లాసులు దించాను. బావమరిది మురిసిపోతున్నాడు. కారం తగ్గించమంటే మాత్రం మా ఆవిడ ఒప్పుకోవడం లేదండి.