అప్‌డేట్: ఇనుప మేకు మునుగుతుంటే ఇనుప ఓడ ఎలా తేలుతుంది?

మా అబ్బాయికొచ్చిన ఈ సందేహాన్ని గత వారం అడిగినప్పుడు, తొలగిన నీటిని తూచి చూడమని ఒకరు ఇచ్చిన సలహాను కర్నూలులోని మా ఇంట్లోనే పాటించాం. అంచుదాకా నింపిన బకెట్టులో 250 గ్రాముల స్టీలు గిన్నెను మెల్లగా వదిలి, కింది పళ్లెంలోకి పొర్లిన నీటిని కాటాపై తూచితే దాదాపు అంతే బరువు వచ్చింది. లీటరు పట్టే ఆ గిన్నెలో బియ్యం పోస్తూ పోగా, ముప్పావు కిలో వరకు తేలుతూనే ఉండి, మరో గుప్పెడు పడగానే బుడుంగున మునిగింది (బియ్యం తడిపినందుకు మా ఇంటావిడ పెట్టిన చీవాట్లు వేరే సంగతి). అంటే, తన బరువంత నీటిని పక్కకు నెట్టగలిగిన వస్తువే తేలుతుంది; లోపల బోలుగా ఉండే ఓడ అంత నీటిని నెట్టగలదు, మేకు నెట్టలేదు. తుంగభద్రలో తిరిగే గుండ్రటి బుట్ట పడవ పుట్టిదీ ఇదే లెక్క. విమానానికి మాత్రం ఈ లెక్క చాలదు. దాని రెక్కలు గాలిని కిందికి మళ్లించాలి కనుక, ముందు రన్‌వేపై పరుగెత్తక తప్పదు.