అప్‌డేట్: దక్షిణాన కనిపించిన ఆ చుక్క అగస్త్యుడే

తిరుపతిలో మా మేడ మీద నుంచి దక్షిణాన, లుబ్ధకానికి (రాత్రి ఆకాశంలో అన్నిటికన్నా వెలుగైన నక్షత్రం, సిరియస్) బాగా దిగువన మెరిసే చుక్క ఏమిటని పోయిన వారం అడిగాను. మీలో ఎక్కువమంది అగస్త్య నక్షత్రం (కనోపస్) అన్నారు. నిన్న రాత్రి తొమ్మిదింటికి అమ్మతో కలిసి తిరుపతి దగ్గరి తొండవాడలో, స్వర్ణముఖి నది ఒడ్డున నిలబడి చూశాను. చెయ్యి చాచి కొలిస్తే లుబ్ధకానికి సరిగ్గా మూడున్నర పిడికిళ్ల కింద ఉంది. అగస్త్యుడు ఉండాల్సిన చోటే, సందేహం తీరింది.

లుబ్ధకం మనకు 8.6 కాంతి సంవత్సరాల దూరంలోనే ఉంది, అందుకే అంత వెలుగు. అగస్త్యుడు దాదాపు 310 కాంతి సంవత్సరాల అవతల ఉండి కూడా రాత్రి ఆకాశంలో వెలుగులో రెండో స్థానం! ఢిల్లీలో అది దిగంతం నుంచి తొమ్మిది డిగ్రీల ఎత్తు దాటదు, మనకు దాదాపు 24 డిగ్రీలు. ఇంత దక్షిణాన ఉన్నందుకు ఎంత సంతోషమో!

పక్కనే అగస్త్యేశ్వరాలయం. అమ్మ గుడివైపు ఒకసారి, చుక్కవైపు ఒకసారి దణ్ణం పెట్టింది. చెప్పినవారందరికీ కృతజ్ఞతలు.