ఆల్జినేట్ అచ్చు బస్సులో ల్యాబ్‌కి పంపితే క్యాపులు కూర్చోడం లేదు, బ్రాండ్ మార్చాలా?

రాజాం_పళ్ళడాక్టర్:
నమస్తే అండి, రాజాంలో క్లినిక్ పెట్టి ఎనిమిది నెలలైంది, ల్యాబ్ విజయనగరంలో. ఆల్జినేట్ (నీళ్ళలో కలిపే అచ్చు పొడి)తో పళ్ళ అచ్చు తీసి తడి దూది చుట్టి కవర్లో పెట్టి మధ్యాహ్నం బస్సుకి ఇచ్చేస్తాం, కాంప్లెక్స్‌లో ల్యాబ్ కుర్రాడు తీసుకుంటాడు. మూడు క్యాపులొస్తే ఒకటి కూర్చుంటోంది. నిన్న చీపురుపల్లి వైపు నుంచి ఒక పెద్దాయన మళ్ళీ వచ్చి "మూడుసార్లు నోట్లో పిండి పెట్టేరు బాబూ, పన్నెప్పుడు పెడతారు" అన్నారు, సిగ్గేసింది. పుట్టీకి (సిలికాన్ అచ్చు ముద్ద) వెళ్దామంటే రేటు చూసి భయం, ఒకసారి ట్రై చేస్తే సరిగ్గా గట్టిపడలేదు కూడా.

ల్యాబ్_మనిషి_విజయనగరం:
డాక్టరు గారూ బ్రాండ్‌ది తప్పు కాదండి. ఆల్జినేట్‌లో ఎక్కువ పాలు నీళ్ళే, గాలి తగిలితే ఆ నీళ్ళు పోయి కుదించుకుపోద్ది, తడి దూది ఆనిస్తే నీళ్ళు పీల్చుకుని ఉబ్బుద్ది. మా కాడికొచ్చే కవర్లు విప్పితే చాలావాటిలో దూది ఓ పక్కకి జరిగిపోయి ఉంటాది, ఆ పక్క వాచి, రెండో పక్క అంచు ఎండి ట్రే వదిలేసి ఉంటాది. దాన్లో స్టోన్ (గట్టి ప్లాస్టర్) పోస్తే ఏటొస్తాది చెప్పండి? ఉమ్మి కడిగి, మందు స్ప్రే కొట్టి, 10-15 నిమిషాల్లో మీ కాడే పోసేయండి, గంటకి విప్పేసి ఆ కాస్టు (ప్లాస్టర్ పళ్ళ నమూనా) బస్సెక్కించండి. రాత్రంతా అచ్చులో వదిలేస్తే మాత్రం స్టోన్ పైపొర పొడిపొడిగా రాలిపోద్ది.

సీనియర్_శ్రీకాకుళం:
ఆయన చెప్పింది కరెక్టే గానీ అసలు క్యాపుకి ఆల్జినేట్ ఏంటి తమ్ముడూ. ఎదురు పళ్ళకి, స్టడీ మోడల్‌కి, తీసిపెట్టే పళ్ళసెట్టుకి వాడుకో, మార్జిన్ (క్యాపు అంచు ఆనే గీత) మాత్రం అందులో అంత సన్నగా పడదు. అడిషన్ సిలికాన్ పుట్టీ, దాని మీదకి పల్చటి లైట్ బాడీ తీసుకో, వారం తర్వాత పోసినా కొలత మారదు, నీ బస్సు లేటైనా ఫర్వాలేదు, ఒకే అచ్చులో రెండుసార్లు పోసుకోవచ్చు. తీసిన వెంటనే మాత్రం పోయనివ్వకు, కొన్నిటికి హైడ్రోజన్ వస్తుంది, స్టోన్ మీద చిన్న చిన్న బొబ్బల్లా పడతాయి, ఓ గంట ఆగమను. చవగ్గా ఉందని కండెన్సేషన్ సిలికాన్ కొనకు, అది గట్టిపడేటప్పుడు ఆల్కహాల్ వదిలి కుదించుకుంటుంది, అరగంటలో పోసెయ్యాలి, అంటే మళ్ళీ మొదటికే. పాలీఈథర్ అని ఇంకో అచ్చు మందుంది, తడిలో బాగా పాకుతుంది గానీ మరీ బిరుసు, కదిలే పళ్ళున్నోళ్ళకి పెడితే ట్రే బయటికి రావడానికి నీకూ వాళ్ళకీ చెమటలే.
ఇంతకీ పుట్టీ గట్టిపడలేదన్నావు, కలిపినప్పుడు ఏ గ్లౌజులు?

రాజాం_పళ్ళడాక్టర్:
మామూలు లేటెక్సేనండి...

సీనియర్_శ్రీకాకుళం:
అదే మరి. లేటెక్స్‌లో గంధకం ఉంటుంది, అది తగిలితే పుట్టీ సెట్ అవ్వదు. వినైల్ వేసుకో.

అసిస్టెంట్_పాలకొండ:
నాదొక మాట సార్. ఎండాకాలం మేడమీద ట్యాంకు నీళ్ళతో ఆల్జినేట్ కలిపితే గిన్నెలోనే బిగిసిపోయేది, నా చెయ్యి స్లో అని మా సార్ రోజూ తిట్లు. కుండలో నీళ్ళు కలపడం మొదలెట్టాక తిట్లు తగ్గేయి. డబ్బా మూత కూడా గట్టిగా పెట్టండి, చెమ్మ తగిలితే పొడి పాడైపోద్ది.

రాజాం_పళ్ళడాక్టర్:
మాది కూడా మేడమీద ట్యాంకేనండి 🙏 వినైల్ గ్లౌజులు ఆర్డర్ పెట్టేశా. పెద్దాయన్ని మంగళవారం రమ్మన్నాను, ఇంకోసారి పిండి తప్పదని ఫోన్లోనే చెప్పేశా, "ఈసారి పిండి మారిందా బాబూ" అనడిగేరు.