స్కూబాతో (వీపున గాలి సిలిండర్‌తో నీటిలో మునిగి) ఈటె వేట: చేప తగలగానే గాలి అయిపోతోంది, ఎందుకు?

ప్రశ్న: 20 మీటర్ల లోతు, 12 లీటర్ల సిలిండర్. చేపకు ఈటె దిగాక గాలి ఇట్టే తగ్గిపోతోంది, ఈటెకు కట్టిన తాడేమో ఫిన్‌కు (కాలికి తొడిగే రెక్కకు) చుట్టుకుంటోంది. తప్పెక్కడ?

జవాబు 1: అక్కడ పీడనం 3 బార్లు (బార్ పీడనానికి కొలత), అంటే నీటి పైనున్న దానికి మూడింతలు. పైన నిమిషానికి 20 లీటర్లు పీల్చేవారికి ఆ లోతులో 60 కావాలి; పెనుగులాడితే ఇంకా ఎక్కువ. 200 బార్లకు నింపినా ఉండేది 2400 లీటర్లే. సిలిండర్‌లో పీడనం 100 బార్లకు రాగానే వేట ఆపేయండి, గురి ఎంత బాగా కుదిరినా సరే.

జవాబు 2: వదులు తాడే చుట్టుకునేది. బిగువు తగ్గనివ్వకండి. కత్తి ఛాతీ దగ్గర పెట్టుకోండి. పిక్కకు కడితే చిక్కుపడ్డప్పుడు అందకపోవచ్చు. పట్టిన చేపల్ని నడుముకు వేలాడదీయొద్దు, నెత్తుటికి షార్క్‌లొస్తాయి.

జవాబు 3: గాలి తక్కువైందని ఒక్కసారిగా పైకి లేవొద్దు. నిమిషానికి 9 మీటర్లు, 5 మీటర్ల లోతు దగ్గర 3 నిమిషాల ఆగుడు. అన్నట్టు, స్కూబాతో వేట చాలాచోట్ల నిషేధం. ముందు అది చూసుకోండి.