పోకర్ కొత్తగా నేర్చుకునేవారు ఆట డబ్బును ఎలా లెక్కవేసుకోవాలి?

ప్రశ్న (రాజాం, విజయనగరం జిల్లా):
ఉద్యోగరీత్యా ప్రస్తుతం గోవాలో ఉంటున్నాను. సంక్రాంతికి ఊళ్లో బంధువులతో రమ్మీ ఆడడం తప్ప పేకతో నాకు పెద్దగా పరిచయం లేదు. అయితే మాండోవి నదిలోని క్యాసినోలో పోకర్ బల్ల పక్కన కూర్చుని చూశాక ఆ ఆటపై నిజమైన ఆసక్తి కలిగింది. ఇంటికి పంపేది పోను రూ.40,000 విడిగా దాచుకున్నాను. రూ.50, రూ.100 బ్లైండ్ల (పేక చూడకముందే ఇద్దరు తప్పనిసరిగా పెట్టే చిన్న, పెద్ద పందేలు) బల్ల మీద ఈ మొత్తంతో మొదలుపెట్టవచ్చా? ఊరికి వచ్చినప్పుడు ఫోన్‌లో సాధన చేయవచ్చా?

జవాబు 1 (శ్రీకాకుళం):
తమ్ముడూ, ఆట నిధిని రూపాయల్లో కాక బై-ఇన్‌లలో (ఒకసారి బల్ల దగ్గర కూర్చునేందుకు తెచ్చుకునే మొత్తం ఒక బై-ఇన్) లెక్కపెట్టండి. సాధారణంగా ఒక బై-ఇన్ 100 బిగ్ బ్లైండ్లు, అంటే పెద్ద పందెం రూ.100 ఉన్న ఆ బల్ల మీద రూ.10,000, కాబట్టి మీ దగ్గరున్నది నాలుగు బై-ఇన్‌లే. క్యాష్ ఆటకు (నేరుగా డబ్బుతో ఆడి, ఎప్పుడైనా లేచిపోగల ఆట) కనీసం 20 నుంచి 30 బై-ఇన్‌లు ఉండాలని అనుభవజ్ఞులు చెబుతారు. టోర్నమెంట్లలో ఒడుదొడుకులు ఇంకా ఎక్కువ కాబట్టి వాటికి 100 దాకా అవసరం. విత్తనమంతా తొలి వానకే చల్లేసే రైతు మన వైపు ఉండడు కదా.

ఇంత నిల్వ ఎందుకంటే, 100 హ్యాండ్లకు (ఒకసారి పేక పంచి ఆడేది ఒక హ్యాండ్) సగటున 5 బిగ్ బ్లైండ్లు గెలిచే మంచి ఆటగాడికి 10,000 హ్యాండ్లలో రావలసిన లాభం 500 బిగ్ బ్లైండ్లయితే, అదృష్టం వల్ల వచ్చే హెచ్చుతగ్గులు సాధారణంగానే దాదాపు 900 దాకా ఉంటాయి. బల్ల దగ్గర గంటకు సుమారు 30 హ్యాండ్లే పడతాయి కనుక, ఆ 10,000 పూర్తికావడానికి 330 గంటలకు పైగా పడుతుంది. అందుకే ఒక రాత్రి గెలుపును చూసి నాకు ఆట వచ్చేసిందని అనుకోవడం చాలా ప్రమాదం. 2000లో ప్రపంచ పోకర్ సిరీస్ ప్రధాన పోటీ గెలిచిన క్రిస్ ఫెర్గూసన్, తరువాత సున్నాతో మొదలుపెట్టి 10,000 డాలర్లు చేసిన ప్రయత్నంలో, క్యాష్ ఆటకు నిధిలో 5 శాతానికి మించి పెట్టలేదు.

జవాబు 2 (విజయనగరం):
ఫోన్ సంగతి నేను చెబుతాను. మన రాష్ట్రం 1974 నాటి గేమింగ్ చట్టాన్ని 2020లో సవరించి ఆన్‌లైన్ పందెం ఆటలను నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన చట్టం, నైపుణ్యమా అదృష్టమా అన్న తేడా చూడకుండా, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ దేశమంతటా నిషేధించింది. కాబట్టి విలువలేని ఉచిత చిప్స్‌తో మాత్రమే సాధన చేయండి. నిషేధం లేదని ఎవరైనా లింకు పంపితే దయచేసి తెరవకండి.

ప్రశ్నించినవారు:
ధన్యవాదాలండీ. నిధి పెరిగేవరకు ఆగుతాను. గెలిస్తే పన్ను ఎలా ఉంటుంది?

జవాబు 1:
గెలుపుపై 30 శాతం ఆదాయపన్ను, దానిపై సెస్సు ఉంటాయి. ఓడిన రోజుల నష్టాన్ని గెలుపులోంచి తీసివేయడానికి చట్టం ఒప్పుకోదు. ప్రతి పాట్ (బల్ల మధ్య పోగైన పందెం డబ్బు) నుంచి క్యాసినో తీసుకునే వాటా, రేక్, దీనికి అదనం. ఇవన్నీ పోయాక నేర్చుకునేవారికి మిగిలేది చాలా స్వల్పం కనుక, నెలకు పోయినా ఇంటి ఖర్చు తగ్గని మొత్తాన్నే పక్కన పెట్టండి. ఆడిన ప్రతిసారీ తేదీ, బ్లైండ్లు, తెచ్చిన డబ్బు, తీసుకెళ్లిన డబ్బు ఒక పుస్తకంలో రాయండి. రెండు బై-ఇన్‌లు పోయిన రాత్రి అక్కడితో లేచి వచ్చేయండి, ఆ రోజుకి అప్పు చేసి మాత్రం ఆడకండి.